కత్తుల ఊళ్లో... కొయ్యని కత్తి!

చూడ్డానికి రాజసం ఉట్టిపడుతుంది. తెల్లటి పిడి, దాని చుట్టూ మెలికలు తిరిగిన ఇత్తడి తీగ, బంగారు పూత పూసిన ఒర, వేలాడే వెండి రంగు కుచ్చు. ఒరలోంచి లాగితే అద్దంలా మెరిసే అలుగు, దానిమీద తాడు చుట్టుకున్న లంగరు, తెరచాపలెత్తిన ఓడ. ఇన్ని హంగులున్నా దాంతో ఒక్క మామిడికాయ ముక్క కూడా తెగదు. ఎందుకంటే అసలు దానికి పదునే పెట్టలేదు!

ఒకప్పటి జర్మనీ నౌకాదళ అధికారులు నడుముకు వేలాడదీసుకున్న అలంకార బాకు అది. యుద్ధం చేయడానికి కాదు, విందులకూ కవాతులకూ వెళ్లేటప్పుడు హోదా చూపించుకోవడానికి. అలాంటివాటిని వెతికి పట్టుకుని, తుడిచి, అద్దాల బీరువాల్లో దాచుకునే సేకర్తలు జర్మనీ, ఇంగ్లండ్, అమెరికాల్లో చాలామందే ఉన్నారు. వాటిలో ఎక్కువభాగం పుట్టింది ఒక్క ఊళ్లోనే. పేరు సోలింగెన్.

ఆ ఊరు చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. డ్యుసెల్డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్తే, మర్నాడే నన్ను రైలెక్కించాడు. కారణం ఆ బాకుల మీద పడిన మనసు. పాత వస్తువుల సంతలో ఒకటి చూసొచ్చాడట. 'కొందామా వద్దా తేల్చుకోలేకపోతున్నాను, నువ్వూ రారా' అన్నాడు. వదిన మాత్రం 'ఇంట్లో చాకులే సరిగ్గా తెగడం లేదు, తెగని కత్తికి అన్ని యూరోలా?' అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

నల్లరాయి ఇళ్లు... పచ్చ కిటికీలు

డ్యుసెల్డార్ఫ్ నుంచి సోలింగెన్‌కు రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ బయట మొదట ఆకట్టుకునేవి బస్సులు. పైన ట్రాములకున్నట్టు కరెంటు తీగలు, కింద రబ్బరు టైర్లు! ఈ ట్రాలీబస్సులు ఇక్కడ 1952 నుంచీ నడుస్తున్నాయి. జర్మనీలో ఇలాంటివి ఇంకా నడిపే ఊళ్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. 683 నంబరు బస్సెక్కితే గ్రేఫ్రాత్ అనే పాత పేటలో దింపుతుంది.

దిగ్గానే ఓ కథల పుస్తకంలోకి నడిచివెళ్లినట్టుంటుంది. గోడలకు నల్లటి పలకరాతి పెంకులు, తెల్లటి కిటికీ చట్రాలు, ముదురాకుపచ్చ తలుపురెక్కలు... ఈ కొండప్రాంతపు ఇళ్లన్నిటిదీ ఈ మూడు రంగుల యూనిఫామే. రాళ్లు పరిచిన సంత కూడలి దాటి మెట్లెక్కితే ఒకప్పటి క్రైస్తవ సన్యాసినుల మఠం. 1991 నుంచి అందులోనే జర్మన్ కత్తుల మ్యూజియం ఉంది. కంచుయుగం నాటి ఖడ్గాల దగ్గర్నుంచి భోజనాల బల్లమీది చెంచాలూ ఫోర్కులదాకా అన్నీ అందులో చూడొచ్చు. మనిషి కత్తితో చంపడం ఎలా నేర్చాడో, అదే కత్తితో మర్యాదగా తినడం ఎలా నేర్చాడో పక్కపక్క గదుల్లో కనిపిస్తుంది.

ఇంతకీ కత్తులకు ఈ ఊరే ఎందుకు? కొండలమీది అడవుల నుంచి బొగ్గుకు కావలసినంత కలప, చుట్టుపక్కల ఇనుము, కిందికి దూకే వుప్పర్ నది, దాని వాగులు. నీటి చక్రాలతో సానరాళ్లు తిప్పేవారు. 1374లో పట్నం హోదా వచ్చేసరికే ఇది కమ్మరుల ఊరు. ఒకరు కొలిమిలో సాగగొడితే, ఇంకొకరు నీళ్లలో ముంచి గట్టిపరిచేవారు, మరొకరు సానపట్టేవారు. ఎవరి పని వారిదే, తండ్రి నుంచి కొడుక్కి. నదిఒడ్డున ఆ పాత సానశాలలు రెండు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటాయి కానీ, ఆ రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడై, సానపట్టేవాళ్లు చిన్న వయసులోనే పోయేవారు.

ఇంకో సంగతి విని నాకు మన పల్లెలు గుర్తొచ్చాయి. ఒక పనివాడి దగ్గర్నుంచి ఇంకొకడి దగ్గరకు ఆ అలుగుల్ని మోసింది ఆడవాళ్లే. వెదురు తట్టలాంటి బుట్టలో కత్తులు పేర్చుకుని, తలమీద చుట్టకుదురు పెట్టుకుని, కొండదారుల్లో మైళ్లకొద్దీ నడిచేవారట. వాళ్ల బొమ్మ ఊళ్లో ఉంది. చీర కట్టిస్తే మన గోదావరి గట్టుమీద నిలబెట్టొచ్చు!

సోలింగెన్ అనే పేరు కత్తిమీద ఉంటే చాలు, ధర పలికేది. అందుకే ఎవడుపడితే వాడు ఆ ముద్ర కొట్టకుండా 1938లో ఏకంగా చట్టమే చేశారు. ఈ ఊరి పరిధిలో తయారైన కత్తికే ఆ పేరు. ఇప్పుడున్న నిబంధనలు 1994 నాటివి. అయితే ఇక్కడో తమాషా ఉంది. కొన్ని శతాబ్దాల కిందట పసావ్ అనే ఊరి కత్తులకు గొప్ప పేరు. వాటి గుర్తు పరుగెత్తే తోడేలు. మన సోలింగెన్ కమ్మరులు శుభ్రంగా ఆ తోడేలును తమ కత్తులమీద చెక్కి అమ్ముకున్నారు. నకిలీల మీద చట్టం తెచ్చిన ఊరికి నకిలీ చరిత్రా ఉందన్నమాట!

కిరీటం పోయి... గద్ద వచ్చి

నౌకాదళపు బాకు అందం దాని పిడి పైకొసలో ఉంటుంది. చరిత్ర కూడా అక్కడే ఉంటుంది. కైజర్ చక్రవర్తి ఏలిన రోజుల్లో ఆ కొసమీద చిన్న కిరీటం ఉండేది. పిడి ఏనుగు దంతంతో చేసేవారు. (అందుకే ఇప్పుడు వాటి అమ్మకానికి యూరప్‌లో సవాలక్ష ఆంక్షలు.) 1914 సెప్టెంబరు 22 రాత్రి మన మద్రాసుమీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకుల్ని తగలబెట్టిన 'ఎమ్డెన్' ఓడ గుర్తుందా? కోస్తా జిల్లాలకూ రాజధాని అప్పుడు మద్రాసే. తమిళంలో ఇప్పటికీ గడుసు మనిషిని 'ఎమ్డెన్' అంటారు. ఆ ఓడ అధికారులు కైజర్ నౌకాదళం వాళ్లే. ఆ నవంబరులో కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా ఓడ 'సిడ్నీ' చేతిలో ఓడిపోయి బందీలైనప్పుడు, వాళ్ల కత్తుల్ని లాక్కోవద్దని బ్రిటిష్ నౌకాదళం ఆదేశమిచ్చింది. శత్రువు నడుముకున్న కత్తిని తీసేయడమంటే అతడి పరువు తీసేయడమేనని అప్పటి లెక్క.

1918లో కైజర్ పోయాడు. మరుసటి ఏడు జూన్ 21న స్కాట్లండ్ దగ్గర స్కాపా ఫ్లోలో బందీలుగా ఉన్న 74 జర్మన్ నౌకల్ని వాళ్ల అధికారులే ముంచేయబోతే 52 మునిగిపోయాయి. చక్రవర్తే లేనప్పుడు కత్తిమీద కిరీటమెందుకు? దాని స్థానంలో అగ్నిజ్వాలలా మెలికలు తిరిగిన మొగ్గ వచ్చింది. పిడీ ఒరా నలుపెక్కాయి. 1929లో మళ్లీ తెల్ల పిడి, ఇత్తడి ఒర. ఇక 1938లో ఆ జ్వాలనూ తీసేసి రెక్కలు ముడిచిన గద్దను కూర్చోబెట్టారు. దాని కాళ్లకింద హిట్లర్ స్వస్తిక.

పైకొస మరతో బిగించేది. కాబట్టి కొందరు అధికారులు కొత్త బాకు కొనకుండా పాతదాని జ్వాల విప్పేసి గద్దను బిగించుకున్నారు. బాకు కొనుక్కోవాల్సింది సొంత డబ్బుతో మరి! సర్కారు మారితే బోర్డు మార్చుకున్నట్టే. అలాంటి అతుకుల్ని కనిపెట్టడమే సేకర్తలకు సరదా.

గుమ్మం మీది స్వస్తిక్

ఈ వివరాలన్నీ చెప్పింది మా అన్నయ్య వాళ్ల వీధిలో ఉండే పెద్దాయన. వయసు 87. సోలింగెన్‌లోనే పుట్టి పెరిగి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయనతో మావాళ్లకు పరిచయమైన తీరే ఓ కథ.

అన్నయ్య ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నాడు. వదిన గడపకు పసుపు రాసి, తలుపుమీద కుంకుమతో ఇంత స్వస్తిక్ గుర్తు వేసింది. సాయంత్రం ఈ పెద్దాయన కేకు పట్టుకుని వచ్చాడు. శుభాకాంక్షలు చెప్పి, కాసేపు తటపటాయించి అన్నాడట... 'అమ్మా, మీ గుర్తు వేల ఏళ్ల నాటిదని నాకు తెలుసు. ఈ వీధిలో నడిచే అందరికీ తెలియదు. ఇక్కడ ఓ ముసలావిడ ఉంది. ఆమె చూస్తే రాత్రంతా నిద్రపోదు.' వదిన ఇంకో మాట అడగలేదు. తడిగుడ్డతో తుడిచి, లోపల దేవుడి గదిలో వేసుకుంది. 'దేవుడికి లోపలైనా బయటైనా ఒకటే కదా మరిదీ' అని నాతో అంది కానీ, చెప్పేటప్పుడు ఇప్పటికీ కాస్త నొచ్చుకున్నట్టే అనిపించింది.

జర్మనీలో నాజీ గుర్తులు బహిరంగంగా చూపడం నేరం. చదువుకు, పరిశోధనకు, చరిత్రకు మినహాయింపు ఉంది. అందుకే వేలంపాటల పుస్తకాల్లోనూ, సంతల్లోనూ బాకుమీది గద్ద కాళ్లకింద చిన్న కాగితం ముక్క అతికిస్తారు. కొనుక్కున్నాక ఇంట్లో తీసేసుకోవచ్చు. ఆ కాగితం ముక్క చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

అలాంటి దేశంలో ఈయన బాకులెందుకు సేకరిస్తున్నట్టు? అడగాలంటే మొహమాటం. ముందు ఆయన బీరువా చూద్దామన్నాం.

నూలు తొడుగులు... నూరు పరీక్షలు

చేతులకు తెల్లటి నూలు తొడుగులిచ్చాడు. 'వేలిముద్రలోని చెమట చాలు, ఆరునెలల్లో తుప్పు' అన్నాడు. అలుగును ఒరలో ఉంచి నిల్వచేయకూడదనీ, చెమ్మ పట్టేస్తుందనీ చెప్పాడు. ఇత్తడిని మన చింతపండుతో తోమినట్టు తోమితే సర్వనాశనమేనట! ఎనభై ఏళ్ల కిలుమే దాని వయసుకు సాక్ష్యం. మెరిసేలా తోమిన బాకుకు ధర సగం పడిపోతుంది. ఈ మాట వినగానే అన్నయ్య మొహం చూశాను. సంతలో ఆయన్ని పడేసింది ఆ మెరుపే.

నిజమైనదో కాదో తేల్చడానికి పెద్దాయనకు భూతద్దం, ఓపిక ఉంటే చాలు. పైకొస మర విప్పి లోపలి ఇనుప కాడ చూస్తాడు. ముక్కలన్నీ పుట్టినప్పట్నుంచీ కలిసే ఉంటే వాటిమీది మచ్చలు ఒకదానికొకటి అతుకుతాయి. తెల్ల పిడి లోపల కొయ్య, పైన సెల్యులాయిడ్. పాత సెల్యులాయిడ్ కాలంతోపాటు పచ్చబడుతుంది. కొన్నయితే పండిన నారింజ రంగుకు తిరుగుతాయి. సేకర్తలు దానికోసం ఎగబడతారు. అలుగుమీది బొమ్మ ఆమ్లంతో చెక్కింది కాబట్టి గీతల అంచులు మెత్తగా, లోతు సమంగా ఉండాలి. ఇప్పటి నకళ్లలో ఓడ తెరచాపలు పిల్లలు గీసినట్టుంటాయి.

అన్నిటికంటే చిక్కు తెచ్చేవి మూడోరకం. యుద్ధం ముగిశాక సోలింగెన్ కర్మాగారాల్లో పిడులు, ఒరలు, అలుగులు విడివిడిగా గుట్టలు మిగిలిపోయాయి. జ్ఞాపికల కోసం ఎగబడిన విదేశీ సైనికుల కోసం వాటిని తర్వాతి రోజుల్లో జోడించి అమ్మారు. ప్రతి ముక్కా అసలుదే. బాకు మాత్రం ఏ అధికారి నడుముకూ వేలాడలేదు. మరి అది అసలా, నకిలీయా? ఈ ప్రశ్నమీద సేకర్తలు గంటలకొద్దీ పోట్లాడుకుంటారట.

మామూలు బాకు కొన్ని వందల యూరోలు. చేత్తో మడిచి మడిచి సాగగొట్టిన డమాస్కస్ ఉక్కుదైతే వేలల్లోకి వెళ్తుంది. ఒరలమీద కూడా రెండు బాణీలు. సుత్తిదెబ్బల చుక్కలున్నది ఒకటి, మెరుపుతీగలు చెక్కింది ఇంకొకటి. మెరుపుతీగలదే ఎక్కువగా కనిపిస్తుంది. నాకు మాత్రం సుత్తిదెబ్బలదే నచ్చింది, కంసాలి వీధిలో చూసిన చెంబుల్లా.

తక్కెడ ముద్ర

అలుగు మొదట్లో, పిడికి ఆనుకుని తయారీదారు ముద్ర ఉంటుంది. ఉడుత బొమ్మ ఉంటే ఐక్‌హార్న్ కంపెనీది. జర్మన్‌లో ఉడుత పేరు ఆ ఇంటిపేరుకు దగ్గరగా ఉంటుంది, అదీ చమత్కారం. శిరస్త్రాణం పెట్టుకున్న వీరుడి తల ఉంటే డబ్ల్యూకేసీది. పెద్దాయన మూడోది తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న తక్కెడ, మూడు అక్షరాలు... ఏ, సీ, ఎస్.

'అలెగ్జాండర్ కొప్పెల్, సోలింగెన్' అన్నాడు. 'ఇది ఎవరిదో తెలుసా? యూదులది.'

1821లో మొదలైన కంపెనీ. ఊళ్లో పెద్ద కుటుంబం. గుస్తావ్ కొప్పెల్‌ను సోలింగెన్ గౌరవ పౌరుడిగా సత్కరించుకుంది. నాజీల కాలంలో కంపెనీ ఆ కుటుంబం చేతుల్లోంచి పోయింది. ఆల్కోసో అన్న పొట్టి పేరుతో, అదే తక్కెడ ముద్రతో బాకులు మాత్రం తయారవుతూనే ఉన్నాయి. గుస్తావ్ కొడుకు, తాతపేరే పెట్టుకున్న డాక్టర్ అలెగ్జాండర్ కొప్పెల్ ఊరు వదిలి వెళ్లలేదు. 1942లో 76 ఏళ్ల వయసులో ఆయన్ని తెరేజియన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. కొద్దిరోజులకే అక్కడ చనిపోయారు. ఇప్పుడు సోలింగెన్‌లో ఒక బడికి ఆయన పేరుంది.

గద్ద కాళ్లకింద నాజీ గుర్తు, అలుగుమీద యూదు కుటుంబపు పేరు. రెండూ ఒకే బాకుమీద, మధ్య జానెడు దూరం లేదు. అప్పటిదాకా కుచ్చు ముడి ఎలా వేశారా అని సరదాగా చూస్తున్న నేను, దాన్ని బల్లమీద పెట్టేశాను.

అప్పుడడిగాం, ఎందుకివన్నీ అని. పెద్దాయన బీరువా కింది అరలోంచి ఓ రేకుపెట్టె తీశాడు. అందులో నల్లబడిన ఇత్తడి ఒర, ఊడిపోయిన పిడి, గోధుమరంగు పొడిగా రాలుతున్న అలుగు ముక్క.

'మా నాన్నది. 1945లో ఆయుధాలన్నీ అప్పగించాలని ఆదేశాలొచ్చాయి. దొరికితే ఏమవుతుందోనని అమ్మ భయపడింది. రాత్రివేళ పెరట్లో ఆపిల్ చెట్టుకింద గొయ్యి తవ్వి, నూనెగుడ్డలో చుట్టి పాతిపెట్టింది. లాంతరు పట్టుకున్నది నేనే, ఏడేళ్లు. నాన్న బతికే తిరిగొచ్చాడు. బాకు గురించి అడగలేదు, యుద్ధం గురించి చెప్పలేదు. ఆయన పోయాక తవ్వితే ఇలా ఉంది.'

'ఏ కంపెనీదో తెలిసిందా?' అన్నాడు అన్నయ్య.

'ముద్ర ఉండాల్సిన చోటే తుప్పు తినేసింది. ఉడుతో, తక్కెడో... నలభై ఏళ్లుగా అన్ని రకాలూ తెచ్చి పక్కన పెట్టి కొలుస్తున్నాను. మిల్లీమీటర్ల తేడా. ఇంకా తేలలేదు.'

తక్కెడ అని తేలితే? అని అడగబోయి ఆగిపోయాను.

తన తర్వాత ఈ బీరువా ఏమవుతుందో ఆయనకు తెలియదు. కూతురు ఇంట్లోకి రానివ్వనంటోంది. అమ్మితే ఎవరు కొంటారో, వాళ్ల గోడమీద ఏ ఉద్దేశంతో వేలాడుతుందో చెప్పలేం. ఇవంటే చరిత్రమీద ప్రేమతో కొనేవాళ్లే కాదు, ఆ గుర్తుమీదే ప్రేమతో కొనేవాళ్లూ ఉన్నారని ఆయనే ఒప్పుకున్నాడు. అలాంటివాడని అనుమానం వస్తే అమ్మడట. కానీ మనిషి మొహం చూసి చెప్పగలమా?

కూడలిలో పూలగుత్తులు

తిరుగుదారిలో ఊరి నడిబొడ్డున దిగాం. సోలింగెన్‌ను చూసి ముచ్చటపడి రాసేయడం సులువే కానీ, ఈ ఊరికి గాయాలు తక్కువేం లేవు. 1944 నవంబరులో రెండురోజుల బాంబుదాడుల్లో పాత ఊరు నేలమట్టమైంది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. 1993 మే 29న జాతివిద్వేషంతో ఓ టర్కీ కుటుంబం ఇంటికి నిప్పు పెడితే అయిదుగురు ఆడవాళ్లు, ఆడపిల్లలు బలైపోయారు. 2024 ఆగస్టు 23న ఊరికి 650 ఏళ్లు నిండిన సంబరాల్లో ఓ వ్యక్తి కత్తితో విరుచుకుపడితే ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 'కత్తుల నగరం' అన్న బిరుదును 2012 నుంచి అధికారికంగా పేరు పక్కనే రాసుకుంటున్న ఊరిది. ఆ దాడి తర్వాత దేశమంతటా జాతరల్లో కత్తులు వెంట తీసుకెళ్లడాన్ని నిషేధించారు. ఆ కూడలి పక్క దుకాణం అద్దాల్లో వంటింటి చాకులు, గోళ్లకత్తెరలు యథాప్రకారం మెరుస్తున్నాయి.

అన్నయ్య బాకు కొనలేదు. కొననని కూడా అనలేదు. దాదాపు పదంగుళాల అలుగు, తొమ్మిది దాటితే మన దగ్గర ఆయుధాల నిబంధనల్లోకి వస్తుంది, రేపు ఇండియాకు వచ్చేస్తే ఎలా అని ఏవో లెక్కలు చెప్పాడు. రైల్లో మాత్రం చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నేను రెండు చిన్న చాకులు కొన్నాను. బెత్తెడు అలుగు, కొయ్య పిడి. ఇక్కడివాళ్లు దాన్ని ముద్దుగా 'త్సోప్‌కెన్' అంటారు, ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. ఒకటి వదినకు. రెండోది చెక్-ఇన్ సామానులో అడుగున పెట్టి హైదరాబాద్ తెచ్చి, అమ్మ చేతికివ్వబోయాను.

'కత్తి చేతికివ్వకూడదురా, అక్కడ పెట్టు' అంది అమ్మ. బల్లమీద పెట్టాక తీసుకుని, దొండకాయ కోసి చూసి, 'బాగానే తెగుతోందే!' అంది.